‘ఇరువర్గాల ఘర్షణ’ అని రాయడం ఎవరు నేర్పారు?

తెలుగు దినపత్రికల జిల్లా పేజీలు చదివే అలవాటున్నవాళ్లకు కొన్ని వాక్యాలు కంఠతా వచ్చి ఉంటాయి. ‘గ్రామంలో ఇరువర్గాల మధ్య ఘర్షణ చోటుచేసుకుంది. పాత కక్షలే కారణమని తెలుస్తోంది. పోలీసులు పరిస్థితిని అదుపులోకి తెచ్చారు. ముందుజాగ్రత్తగా పికెట్ ఏర్పాటు చేశారు.’ వార్త అక్కడితో అయిపోతుంది. ఎవరు ఎవరిని కొట్టారో తెలియదు. దెబ్బలు తిన్నవాళ్లు ఊళ్లో ఉంటారో వాడలో ఉంటారో తెలియదు. కేసు ఏ చట్టం కింద పెట్టారో, అసలు పెట్టారో లేదో తెలియదు.

ఇలాంటి వార్తను కులద్వేషంతో రాసేవాళ్లు లేకపోలేదు. అయితే మండల స్థాయిలో రాస్తున్న చాలామంది అలా రాయడానికి కారణం వేరే ఉంది. వార్త అంటే అలాగే ఉండాలని వాళ్లకు చెప్పారు. పంపిన వార్తలో కులం పేరు ఉంటే డెస్క్‌లో ఎవరో దాన్ని ‘ఓ సామాజిక వర్గం’గా మార్చారు. రెండోసారి ఆ విలేకరే మార్చి పంపాడు. మూడోసారికి అది అలవాటైపోయింది.

దళితులపై దాడుల వార్తల గురించి మనం మాట్లాడినప్పుడల్లా మీడియాకు సానుభూతి లేదంటాం. అది నిజమే కావచ్చు. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఇంకొకటి. ఆ వార్తల్లో లోపిస్తున్నది ముందుగా పనితనం. జర్నలిజం మొదటి వారంలో చెప్పే పాఠాలను నిజాయితీగా పాటిస్తే ‘ఇరువర్గాల ఘర్షణ’ అనే వాక్యం రాయడమే కుదరదు. కాబట్టి కొత్తగా రాయడం మొదలుపెడుతున్న మన పిల్లలకు రిపోర్టింగ్‌లో ఓనమాలు సరిగ్గా నేర్పడం అంబేద్కరైట్ విద్యార్థి సంఘాలు, మన అధ్యాపకులు చేతికి తీసుకోవాల్సిన పని.

ఒక నమూనా

సెలవు రోజుల్లో కొందరు డిగ్రీ, పీజీ విద్యార్థులతో కూర్చుని వార్తలు రాయిస్తుంటాను. అందుకోసం నేనే తయారుచేసిన ఒక నమూనా ఇది. ఊరూ పేరూ కల్పితం. వాక్యాలు మాత్రం మనకు తెలిసినవే:

‘గ్రామంలో ఆదివారం రాత్రి పెళ్లి ఊరేగింపు విషయమై ఇరువర్గాల మధ్య ఘర్షణ జరగడంతో ఐదుగురు గాయపడ్డారు. పాత కక్షలే కారణమని తెలుస్తోంది. ఎస్సై సిబ్బందితో చేరుకుని పరిస్థితిని అదుపులోకి తెచ్చారు.’

ఇప్పుడు ప్రతి పాఠ్యపుస్తకంలో ఉండే ఆరు ప్రశ్నలతో దీన్ని పరీక్షించమంటాను. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా. ‘ఎవరు’ అనే ప్రశ్నకు జవాబు లేదు; గాయపడ్డ ఐదుగురూ ఒకే పక్షం వాళ్లా, రెండు పక్షాల వాళ్లా? ‘ఎక్కడ’ అంటే గ్రామం అని ఉంది. ఊరేగింపును ఆపింది ఎస్సీ కాలనీలోనా, మెయిన్ బజారులోనా, గుడి ముందరా? కులం ఉన్న ఊళ్లో ‘ఎక్కడ’ అనే ప్రశ్నలో సగం వార్త ఉంటుంది. ‘ఎందుకు’ అంటే ‘తెలుస్తోంది’. ఎవరి ద్వారా తెలిసింది? మొత్తం వార్తకు ఆధారం ఎస్సై ఒక్కరే.

అదే సమాచారాన్ని వాడకు వెళ్లి, ఆసుపత్రికి వెళ్లి, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ చూసి, అవతలివాళ్లతోనూ మాట్లాడి రాస్తే ఇలా ఉండొచ్చు:

‘పెళ్లి ఊరేగింపు మెయిన్ బజారులోకి రాకూడదంటూ ఆదివారం రాత్రి ఎస్సీ కాలనీ వాసులను అడ్డుకుని కర్రలతో కొట్టారు. ఐదుగురు దళితులు గాయపడి ప్రభుత్వాసుపత్రిలో చేరారు. దాడి చేసినవారి పేర్లు, కులం ఫిర్యాదులో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసు నమోదు చేశామని, సోమవారం సాయంత్రం వరకు ఎవరినీ అరెస్టు చేయలేదని డీఎస్పీ చెప్పారు. ఊరేగింపులోని వాళ్లే ముందు రాళ్లు వేశారంటూ అవతలి పక్షం కూడా ఫిర్యాదు చేసింది.’

ఈ రెండో వార్తలో ఒక్క నినాదం లేదు. బాధితుల మీద జాలి చూపించే ఒక్క విశేషణం లేదు. అవతలి పక్షం మాట కూడా ఉంది. ప్రతి విషయం ఎవరు చెప్పారో ఉంది. మొదటిదానికంటే ఇది కఠినమైన రిపోర్టింగ్. దళితులకు న్యాయంగా ఉండటమూ వార్తకు న్యాయంగా ఉండటమూ ఇక్కడ ఒకటే అయ్యాయి.

కులం పేరు రాయడం పక్షపాతమా?

కొత్త విలేకరికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఇదే. కులం పేరు రాస్తే ఉద్రిక్తత పెరుగుతుందంటారు. ప్రెస్ కౌన్సిల్ నియమావళి కూడా సాధారణంగా కులాన్ని ప్రస్తావించకుండా ఉండటం మంచిదంటుంది, ముఖ్యంగా ఆ ప్రస్తావన ఒక కులాన్ని కించపరిచేలా ఉన్నప్పుడు. ఆ నియమంతో నాకు తగువు లేదు. దొంగతనం వార్తలో దొంగ కులం రాయడం తప్పే.

కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 సెక్షన్ 3 ఎలా మొదలవుతుందో చూడండి. ఎస్సీ, ఎస్టీలకు చెందని వ్యక్తి చేసిన నేరానికే అది వర్తిస్తుంది. అంటే బాధితుడి కులంతో పాటు నిందితుడి కులం కూడా ఆ నేరంలో ఒక అంశం. అది లేకుండా ఆ చట్టం కింద కేసే నిలబడదు. హత్య వార్తలో ఆయుధం గురించి రాయడం ఎంత సహజమో ఈ వార్తలో కులం రాయడం అంతే సహజం. దాన్ని దాచి ‘ఓ సామాజిక వర్గం’ అని రాసినవాళ్లు ఒక వాస్తవాన్ని తొక్కిపెడుతున్నారు. దానికి తటస్థత అని పేరు పెట్టడం కుదరదు.

చట్టం తెలిసిన విలేకరికి వార్తలు కూడా ఎక్కువ దొరుకుతాయి. 1995 నిబంధనల్లో ఏడో నిబంధన ప్రకారం ఈ కేసుల దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. దర్యాప్తు చేస్తున్నది ఎస్సై అని తెలిస్తే అదే ఒక వార్త. బాధితుల మీద ఎదురు కేసు అదే రోజు పెట్టారా, రాజీకి రమ్మని అడిగాక పెట్టారా అన్నది ఇంకో వార్త. ఘటన జరిగిన చోటుకు కలెక్టర్, ఎస్పీ వెళ్లాలని పన్నెండో నిబంధన చెబుతుంది. వెళ్లారా లేదా? 2018లో వచ్చిన సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్ఐఆర్ నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో ఆ సెక్షన్‌ను సమర్థించింది. అయినా ‘విచారించాక కేసు పెడతాం’ అని స్టేషన్‌లో చెబితే, ఆ మాటను అలాగే రాసుకుని రావడానికి, ‘ఏ సెక్షన్ ప్రకారం?’ అని అడగడానికి మధ్య ఉన్న తేడాయే శిక్షణ.

2015 సవరణ తెచ్చిన ఒక చిన్న మార్పు కూడా తరగతిలో చెప్పాల్సిందే. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు సంబంధించిన సెక్షన్ 3(2)(వి) పూర్వం ఆ నేరం బాధితుడు ఎస్సీ లేదా ఎస్టీ అయిన ‘కారణంగా’ జరిగిందని నిరూపించమనేది. ఇప్పుడు బాధితుడి కులం ‘తెలిసి’ చేసి ఉంటే చాలు. ఈ మార్పు 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఒకే ఊళ్లో పుట్టిపెరిగిన మనుషుల మధ్య ఇది ఎంత పెద్ద తేడానో విలేకరికి అర్థమైతే, నిందితులకూ బాధితులకూ ముందునుంచి ఉన్న పరిచయం గురించి తప్పక అడుగుతాడు.

‘ఎందుకు’ అని ఎవరిని అడగాలి?

ఆరు ప్రశ్నల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘ఎందుకు’. మహారాష్ట్ర భండారా జిల్లా ఖైర్లాంజిలో 2006 సెప్టెంబర్ 29న ఒక దళిత కుటుంబంలో నలుగురిని ఊరివాళ్లు గుంపుగా వచ్చి చంపేశారు. తల్లి, కూతురు, ఇద్దరు కొడుకులు. ఆ కుటుంబానికి కొద్దిపాటి భూమి ఉంది, పిల్లలు చదువుకుంటున్నారు, పొలంలోంచి దారి విషయమై ఊళ్లో తగాదా ఉంది, అంతకుముందు జరిగిన ఒక దాడి కేసులో ఆ ఇంటివాళ్లు సాక్ష్యం చెప్పారు. కానీ మొదట్లో వచ్చిన వార్తల్లో కారణం అక్రమ సంబంధం అయింది. నవంబర్‌లో దళితులు నాగపూర్, భండారా, అమరావతి వీధుల్లోకి వచ్చేదాకా దేశంలోని పెద్ద పత్రికలకు అది వార్తే కాలేదు. 2008లో విచారణ కోర్టు ఎనిమిది మందిని దోషులుగా తేల్చింది గానీ, అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని, ఇది ప్రతీకార హత్య అని చెప్పింది.

ఈ ఉదంతాన్ని తరగతిలో పెట్టినప్పుడు నేను అడిగేది ఒక్కటే. ‘అక్రమ సంబంధం’ అన్న మాట విలేకరికి ఎవరు చెప్పి ఉంటారు? చచ్చిపోయినవాళ్లు చెప్పలేరు. బతికి ఉన్నవాళ్లు ఎవరో చెప్పాలి. ఊళ్లో నోరున్నవాళ్లు, స్టేషన్‌లో కుర్చీ ఉన్నవాళ్లు చెప్పాలి. కారణం ఎవరు చెప్పారో రాయకుండా కారణం మాత్రం రాస్తే, చంపినవాళ్ల వాదన పత్రిక గొంతుతో బయటికొస్తుంది. ‘అని తెలుస్తోంది’, ‘అని సమాచారం’, ‘అని గ్రామస్తులు చెబుతున్నారు’ అనే మూడు మాటల్ని కొత్త విలేకరి కొన్నాళ్లపాటు వాడకుండా ఉండగలిగితే చాలు, సగం పాఠం వచ్చినట్టే. మన పత్రికల్లో ‘గ్రామస్తులు’ అంటే మామూలుగా వాడలో ఉండేవాళ్లు కాదు.

‘ఎప్పుడు’ అనే ప్రశ్న దీనికి జంట. చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపింది 1991 ఆగస్టు 6న. కానీ ఆ కథ ఆ రోజున మొదలవలేదు. జూలైలో సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ, దాని తర్వాత దళితులను పనుల్లోకి పిలవకుండా చేసిన సాంఘిక బహిష్కరణ, ఊళ్లో పోలీసు శిబిరం. ఇవన్నీ జరిగాకే హత్యలు. కారంచేడులో 1985 జూలై 17కు ముందురోజు మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర జరిగినదాన్ని పక్కనపెడితే ఆరుగురి హత్యకు అర్థమే ఉండదు. విలోమ పిరమిడ్ పద్ధతిలో చివరి సంఘటన ముందు రావాలి, నిజమే. వెనక జరిగింది చివరి పేరాలో ఉంటే, స్థలం చాలనప్పుడు డెస్క్ కోసేది ఆ పేరానే. అందుకని నేపథ్యాన్ని ఒక్క వాక్యంగా కుదించి రెండో పేరాలోనే పెట్టడం అలవాటు చేసుకోవాలి. ‘నెలరోజులుగా బహిష్కరణలో ఉన్న దళితులపై దాడి’ అన్న నాలుగైదు మాటలు వార్త స్వభావాన్నే మార్చేస్తాయి.

మాటల దగ్గర జాగ్రత్త

తెలుగులో రాసేవాళ్లకు ఒక అదనపు చిక్కు ఉంది. చట్టం పేరులో ‘అత్యాచారం’ అంటే దౌర్జన్యం. పత్రికా భాషలో ‘అత్యాచారం’ అంటే లైంగిక దాడి. ‘అత్యాచార నిరోధక చట్టం కింద కేసు’ అన్న శీర్షిక చదివి పాఠకుడు ఏదో అనుకుంటాడు. ఇంకోవైపు ఈ చట్టం కింద వచ్చే ప్రతి వార్తనూ ‘కులం పేరుతో దూషణ’గా కుదించే అలవాటు ఉంది. దానివల్ల భూమి లాక్కోవడం, ఓటు వేయనివ్వకపోవడం, నీళ్లు పాడుచేయడం, సాంఘిక బహిష్కరణ కూడా ఈ చట్టంలో నేరాలేనన్న సంగతి మరుగున పడింది. తిట్టు ఒక్కటే నేరమని జనం నమ్మితే, ‘చిన్న మాటకు అట్రాసిటీ కేసా?’ అనే ప్రశ్న సులభంగా పుడుతుంది.

‘పరువు హత్య’ ఇంకో ఉదాహరణ. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను చంపినప్పుడు అన్ని చానళ్లూ ఆ మాటే వాడాయి. 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టు తీర్పు ఇచ్చినప్పుడూ అదే మాట. కిరాయి ఇచ్చి మనిషిని చంపించడంలో పరువు ఎవరిది? హంతకుడు తనకు తాను చెప్పుకున్న కారణాన్ని మనం నేరానికి పేరుగా పెట్టాం. ‘కుల దురహంకార హత్య’ అనడానికి డెస్క్ ఒప్పుకోకపోతే ‘హత్య’ అని రాయండి. అది కచ్చితమైన మాట.

డ్రైనేజీ మరణాల వార్తలు కూడా చూడండి. ‘మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక ఇద్దరి మృతి.’ వాక్యంలో వాళ్లే దిగారు, వాళ్లే చనిపోయారు. దింపినవాడు లేడు. 2013 చట్టం మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకులను రక్షణ పరికరాలు లేకుండా మనుషులతో శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. ఇలాంటి మరణాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. కాంట్రాక్టరు ఎవరు, పని ఆర్డరు ఎవరిచ్చారు, ఎవరి మీద కేసు పెట్టారు అని అడిగితేనే అది ప్రమాదం వార్త నుంచి నేరం వార్త అవుతుంది. వ్యాకరణంలో కర్తను వెతకడం రిపోర్టింగ్‌లో మొదటి పాఠం.

బాధితురాలి గుర్తింపు విషయంలో మాత్రం ఇందుకు పూర్తిగా ఎదురు క్రమశిక్షణ కావాలి. లైంగిక నేరాల్లో బాధితురాలి పేరు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం సెక్షన్ 23 ఇంకా గట్టిగా అడ్డుకుంటుంది. పేరు తీసేస్తే సరిపోదు. చిన్న ఊళ్లో తండ్రి పేరు, బడి పేరు, ఇంటి ఫొటో ఏదైనా పేరుతో సమానమే. న్యాయం కోసం పోరాడుతున్నామన్న ఆవేశంలో మనవాళ్లు కూడా ఫొటోలు పంచుకోవడం చూస్తూనే ఉన్నాం.

డైరీలో రాసుకోవాల్సిన తేదీలు

మన మీడియాకు దాడి జరిగిన రోజు వార్త, తీర్పు వచ్చిన రోజు వార్త. మధ్యలో అంతా నిశ్శబ్దం. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు 2007 జూలై 31న వచ్చింది, అంటే పదహారేళ్లకు. 21 మందికి జీవిత ఖైదు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఈ మధ్యకాలంలో సాక్షులు ఎలా బతికారు, ఎవరు ఊరు వదిలారు, ఎవరిని ఎవరు బెదిరించారు అన్నది రాయడానికి రోజువారీ విలేకరి ఉండాలి.

కొత్తవాళ్లకు నేనిచ్చే సలహా సాదాసీదాది. కేసు నమోదైన రోజునే డైరీలో ముందు తేదీలు వేసుకోండి. 60 రోజుల్లో ఛార్జిషీటు దాఖలు కావాలి. ఛార్జిషీటు తర్వాత సాధ్యమైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టం చెబుతుంది. పరిహారం కొంత ఎఫ్ఐఆర్ దశలో, కొంత ఛార్జిషీటు దశలో అందాలి. జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కనీసం మూడు నెలలకొకసారి సమావేశం కావాలి. సెక్షన్ 15ఏ ప్రకారం బెయిల్ విచారణ గురించి బాధితులకు ముందే తెలియాలి, వాళ్ల మాట కోర్టు వినాలి. ఈ గడువులు దాటిన ప్రతిసారీ ఒక వార్త ఉంది. కమిటీ సమావేశాల మినిట్స్ కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు రావాలి; రాకపోతే అదీ వార్తే. ఇందుకు పెద్ద పత్రిక బ్యాడ్జీ అక్కర్లేదు. ఓపిక, ఒక డైరీ, కోర్టు కానిస్టేబుల్‌తో పలకరింపు చాలు.

అంకెల విషయంలోనూ ఇదే ఓపిక కావాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో ఎస్సీలపై నేరాలు 57,582. ఇవి నమోదైన కేసులు. జరిగిన నేరాలు వేరే సంగతి. ఫిర్యాదు తీసుకోని స్టేషన్ ఉన్న జిల్లా ఈ పట్టికలో ప్రశాంతమైన జిల్లాగా కనిపిస్తుంది. ‘నేరాలు తగ్గాయి’ అని శీర్షిక పెట్టేముందు ఈ తేడా తెలియాలి.

ఈ పని మనకు కొత్త కాదు

1920 జనవరి 31న అంబేద్కర్ ‘మూక్‌నాయక్’ మొదలుపెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా తిలక్ స్థాపించిన ‘కేసరి’ ఆ పత్రిక ప్రకటన వేసుకోలేదు. మహద్ చవదార్ చెరువు సత్యాగ్రహం జరిగిన రెండు వారాలకు, 1927 ఏప్రిల్ 3న ‘బహిష్కృత భారత్’ వచ్చింది. మహద్‌లో నీళ్లు తాగినవాళ్ల మీద ఎవరు దాడి చేశారో చెప్పడానికి మనకంటూ ఒక కాగితం కావాల్సి వచ్చింది. జీతాలిచ్చి మనుషులను పెట్టుకునే స్థోమత లేక చాలా శీర్షికలు ఆయనే రాశారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక నడిపారు. రాజమండ్రి వైపు కుసుమ ధర్మన్న ‘జయభేరి’ నడిపారు. వీళ్లెవరికీ జర్నలిజం స్కూలు లేదు. పత్రికే స్కూలు.

వందేళ్ల తర్వాత న్యూస్‌రూమ్ తలుపు ఎంత తెరుచుకుంది? 2006లో సీఎస్‌డీఎస్‌తో కలిసి ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మంది వివరాలు సేకరిస్తే దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ నివేదికలో 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు సున్నా. పదమూడేళ్ల తేడాతో అదే సున్నా. పై అంతస్తుకు వెళ్లాలంటే మొదటి మెట్టు శిక్షణే. జీతంలేని ఇంటర్న్‌షిప్‌తో పట్నంలో ఆరు నెలలు ఎవరు ఉండగలరు? ‘మీ తెలుగు ఇంకా సాఫు కావాలి’ అని ఎవరికి చెబుతారు?

ఈ మెట్టును వేరేగా కట్టొచ్చని చూపించినవాళ్లు ఉన్నారు. ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో మొదలైన ‘ఖబర్ లహరియా’ కొత్తగా చదువు నేర్చుకున్న గ్రామీణ స్త్రీలను విలేకరులుగా తయారుచేసింది. వాళ్లలో చాలామంది దళితులు. బుందేలీలో రాశారు. ఎండిపోయిన చేతిపంపు, రాని రేషన్, పడిపోయిన బడి గోడ గురించి రాశారు. స్టేషన్‌కు వెళ్లి పోలీసును అడిగారు. తర్వాత చేతిలోకి ఫోన్ వచ్చాక వీడియోలు చేశారు. మన చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల స్త్రీలు నడిపిన ‘నవోదయం’ పత్రిక కూడా ఈ దారిలోదే. వాళ్లు ముందు నేర్చుకుంది శైలి కాదు. చూసి రావడం, అడగడం, సరిచూసుకోవడం, రాయడం.

మన వైపు చూసుకోవాల్సినవి

నైపుణ్యం ఒక్కటే అన్నీ మార్చేస్తుందని నేననను. మండల విలేకరికి జీతం లేదు, లైనుకింత లెక్క. పండక్కి, నాయకుడి పుట్టినరోజుకు ప్రకటనలు తేవాల్సింది కూడా అతనే. ఆ ప్రకటన ఇచ్చే కాంట్రాక్టరు మీద రేపు ఎట్రాసిటీ కేసు పడితే ఏం రాస్తాడు? శిక్షణ ఇచ్చి ఆ కుర్రాణ్ణి అదే కాంట్రాక్టరు దయకు వదిలేస్తే మన శ్రమ వృథా. కాబట్టి శిక్షణతో పాటు రాసిన వార్తకు డబ్బు ఇచ్చే వేదిక కూడా కావాలి, అది చిన్నదైనా సరే.

ఇంకోటి కూడా నిష్ఠూరంగానే చెప్పాలి. ప్రకటనలను, ఫార్వర్డ్ వీడియోలను వార్తలుగా వేయడం మన వేదికల్లోనూ ఉంది. ఏ రాష్ట్రానిదో, ఏ సంవత్సరానిదో తెలియని దాడి వీడియో ఒకటి వేసి, అది తప్పని తేలితే ఆ నష్టం మనకొక్కరికే కాదు. మరుసటి వారం నిజంగా దెబ్బలు తిన్న మనిషి మాటను కూడా ‘మీరు ఇలాగే చెబుతారు’ అని కొట్టిపారేస్తారు. వాళ్ల పత్రిక తప్పు రాస్తే సవరణ. మన పత్రిక తప్పు రాస్తే అబద్ధం. అందుకే వీడియో మొదట ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, అందులో కనిపించే బోర్డు, భాష, బట్టలు ఏ ప్రాంతానివి అని చూడటం, ఆ ఊళ్లో కనీసం ఇద్దరికి ఫోన్ చేయడం తప్పనిసరి పాఠం.

యూనివర్సిటీల్లో ఉన్న మనం ఏం చేయగలం? చాలానే చేయగలం. పాత రికార్డులు వెతకడం, తీర్పులు చదవడం, క్షేత్రస్థాయి ఇంటర్వ్యూలు చేయడం పరిశోధక విద్యార్థికి రోజూ పనే. దాన్ని వారానికి రెండు గంటలు డిగ్రీ విద్యార్థులకు అందించడానికి కొత్త డిపార్ట్‌మెంట్ అక్కర్లేదు. ఒక రోజు న్యాయవాదిని పిలిచి ఎఫ్ఐఆర్ చదవడం నేర్పించండి. ఒక రోజు జిల్లా కోర్టులో కూర్చోబెట్టండి. ఒక రోజు ప్రభుత్వాసుపత్రికి, ఒక రోజు సాంఘిక సంక్షేమ హాస్టల్‌కు పంపి, నాలుగు వందల మాటల్లో చూసింది మాత్రమే రాయమనండి. జర్నలిజం డిపార్ట్‌మెంట్ల అధ్యాపకులు రిపోర్టింగ్ పేపర్‌లో అత్యాచారాల నిరోధక చట్టాన్ని ఒక యూనిట్‌గా పెట్టమని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో అడగండి. అడగడానికి ఖర్చేమీ లేదు.

ఎస్సీ కాలనీలో పెళ్లి ఊరేగింపు మీద ఈసారి కర్రలు లేచినప్పుడు, మర్నాడు పొద్దున అక్కడికి వెళ్లే విలేకరి వాడ పిల్లో, ఊరి పిల్లాడో ఎవరైనా కావొచ్చు. వాళ్ల చేతిలో నోట్‌బుక్ ఉండి, అందులో మొదటి ప్రశ్నగా ‘ఎవరు కొట్టారు?’ అని రాసి ఉంటే చాలు. అంతవరకు నేర్పించడం మన వంతు.